ఒకే పంపు, ఊరందరి భుజాలు: మందు పంపుల పట్టీల గురించి బహిరంగ లేఖ

రాష్ట్ర వ్యవసాయ శాఖలో యంత్రాల సబ్సిడీ చూసే అధికారులకు,
వ్యవసాయ ఇంజినీర్లకు,
స్ప్రే పంపులు తయారుచేసే, అమ్మే కంపెనీలవారికి

విషయం: ఎవరు వేసుకుంటే వారి ఒంటికి వాటంతట అవే సరిపోయే పట్టీలు వీపున మోసి పురుగుమందు కొట్టే పంపులకు ఉండాలని

అయ్యా, అమ్మా, నమస్కారం.

నర్సంపేట వైపు నాకొక చిన్న రిపేరు షాపు ఉంది. చేతి పంపులు, బ్యాటరీ పంపులు, తైవాన్ పంపులు అన్నీ వస్తాయి. పత్తి మొలకెత్తినప్పటి నుంచి మిరప కాయ కోతల దాకా నా షాపు ముందు పంపులు వరుస కట్టి ఉంటాయి. ఈ విషయం మీద మా చుట్టుపక్కల రైతులు, కూలీలు సంతకాలు పెట్టిన అర్జీని పోయిన వానాకాలం మొదలుకాకముందే ప్రజావాణిలో ఇచ్చాం. అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయింది. అక్కడి నుంచి ఎటు పోయిందో చెప్పినవారు లేరు. మేమే తిరిగి తిరిగి అడిగితే ఒక చోట, "పట్టీ పొడుగు పొట్టి చేసుకునే క్లిప్పు ఇప్పటికే ఉంది కదా, ఇంకేం కావాలి" అన్నారు. ఇంకో చోట, "డ్రోన్లు వస్తున్నాయి, ఇంకా ఈ వీపు పంపుల ముచ్చట ఎందుకు" అన్నారు. ఒక డీలరైతే నవ్వి చాయ్ తాగి పొమ్మన్నాడు. అందుకే ఇట్లా నలుగురికీ తెలిసేలా రాయాల్సి వస్తోంది.

మేం అడిగేది ఒక్క ముక్కలో చెప్తాను. మందు పంపు ఒక మనిషి సొత్తు కావచ్చు గానీ ఒక వీపు సొత్తు కాదు. పొద్దున ఇంటాయన వేసుకుంటాడు. రెండు ట్యాంకులు కాగానే కొడుక్కి ఇస్తాడు. తర్వాత కూలికి వచ్చినాయన ఎత్తుకుంటాడు. మర్నాడు పాలివాళ్లు అడిగితే వాళ్ల చేనుకు పోతుంది. సొంత పంపు లేని కౌలు రైతు కిరాయికి తీసుకుపోతాడు. ఐదడుగుల మనిషికీ ఆరడుగుల మనిషికీ అదే పట్టీ, అదే కొలత. ఆ కొలత ఎవరిదంటే, కొన్న రోజు అట్టపెట్టె విప్పి మొదటిసారి వేసుకున్నవాడిది. ఆ తర్వాత దాన్ని ముట్టుకునేవాడు ఉండడు. కాబట్టి మనిషి మారినప్పుడల్లా పట్టీయే సర్దుకోవాలి. మనిషి సర్దుకోవాలంటే కుదిరే పని కాదు. ఎందుకు కుదరదో మీకు తెలియాలంటే ఒకసారి నా షాపులో కింద కూర్చుని పంపు పట్టీ చేతిలోకి తీసుకోవాలి.

నైలాన్ పట్టీ రెండు సీజన్లు మందు, చెమట, ఎండ తాగి అట్టలా బిర్రబిగుసుకుపోతుంది. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు లోపల చిన్న చిన్న పళ్లుంటాయి. అవి అరిగి నున్నగవుతాయి. నిండు ట్యాంకు ఎత్తుకోగానే పట్టీ సర్రున జారుతుంది. అప్పుడేం చేస్తారు? క్లిప్పు దగ్గరే ఒక ముడేస్తారు. ఆ ముడి మీద మందు పడి, ఎండి, మళ్లీ పడి రాయిలా తయారవుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి గెలికినా ఊడదు, కోసెయ్యాల్సిందే. కొందరు పట్టీ పీకేసి తాడు కడతారు. తాడు భుజాన్ని కోస్తుందని కింద సైకిల్ ట్యూబు ముక్కో, మడిచిన యూరియా సంచో పెడతారు. ఆమధ్య వచ్చిన ఒక పంపుకైతే పాత చీర అంచును మూడు మడతలేసి పట్టీగా కుట్టారు. కుట్టు పని మెచ్చుకోవాల్సిందే. కానీ అది బట్ట. సీజనంతా కారిన మందు దానిలోనే ఉంది. బయట చెట్టు కింద పెట్టి పని చేసినా ఆ వాసనకు నాకు తల పట్టేసింది. దాన్ని భుజాన వేసుకుని ఆ ఇంటివాళ్లు ఎన్ని ఎకరాలు తిరిగారో.

క్లిప్పు బాగున్న కొత్త పంపుకైనా ఇదే కథ. పంపు ఎత్తుకున్నాకే కదా పట్టీ వదులో బిగువో తెలిసేది. ఎత్తుకున్నాక క్లిప్పు చంక కిందికి, వెనక్కి పోతుంది. చేతికి అందదు. అంటే దించాలి, సర్దాలి, మళ్లీ ఎత్తాలి. 16 లీటర్ల ట్యాంకులో నీళ్లే 16 కిలోలు. బ్యాటరీతో కలిపి పంపు బరువు ఐదారు కిలోలు. మొత్తం 22 కిలోల దాకా. ఎకరానికి 200 లీటర్ల మందు నీళ్లు కొట్టాలని మీరే చెప్తారు. అంటే పన్నెండు, పదమూడు ట్యాంకులు. కూలి ట్యాంకు లెక్కన. చేతులకు మందు అంటుకుని ఉంటుంది. గ్లవ్స్ వేసుకున్న కొద్దిమందికీ ఆ గ్లవ్స్‌తో క్లిప్పు పట్టు దొరకదు. ఇన్ని ఉంటే, మనిషి మారినప్పుడల్లా ఎవరు దించి సర్దుతారు? "క్లిప్పు ఇప్పటికే ఉంది కదా" అన్న సారుకు నా విన్నపం ఒకటే. నిండు పంపు ఎత్తుకుని, ఆ క్లిప్పు ఒక్కసారి మా ముందు వాడి చూపించాలి.

దీనివల్ల జనానికి ఏమవుతోందో చెప్తాను.

1. వీపు తడుస్తుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే కాబట్టి కొంచెం విడమరిచి చెప్పాలి. పట్టీ వదులుగా ఉంటే ట్యాంకు వీపుకు అతుక్కుని కూర్చోదు, అడుగడుగుకూ ఊగుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు లోపలి నీళ్లు అంతగా కదలవు గానీ, సగం అయ్యేసరికి ఎగిరెగిరి మూతకు తగులుతాయి. మూత లోపలి రబ్బరు వాషర్ గట్టిపడి ఉంటే, లేదా మూతకున్న గాలి రంధ్రం పాడై ఉంటే, మందు అక్కడి నుంచి వెన్నుపూస వెంట నడుం దాకా దిగుతుంది. మనిషి వంగి పత్తి మొదళ్లకు కొట్టేటప్పుడు ఇంకా ఎక్కువ. చొక్కా తడిసినా చెమటే అనుకుంటారు. మందు కొట్టేవాళ్ల ఒంట్లోకి విషం ఎక్కువగా పోయే దారి చర్మమే. మనం మాత్రం మూతికి తువ్వాల కట్టుకుంటే చాలనుకుంటాం. ఎండకు, చెమటకు మెత్తబడిన చర్మం మందును ఇంకా తొందరగా లాక్కుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందులైతే నరాల పనిని అదుపులో ఉంచే ఎంజైమును దెబ్బతీస్తాయి. చొంగ కారడం, చెమటలు, వాంతులు, కంటిపాప సూదిమొనంత కావడం, ఊపిరి ఆడకపోవడం, ఇవన్నీ అందువల్లే. మా ఊళ్లలో దీన్నంతా "మందు వాసన తగిలింది" అంటారు. చాలామంది మజ్జిగ తాగి పడుకుంటారు. మరీ ఎక్కువైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోతారు. ముక్కుతో పీల్చింది ఎంతో, వీపు తాగింది ఎంతో అక్కడ ఎవరూ లెక్క తీయలేరు.

2. భుజం, మెడ, నడుం పోతాయి. కొండలెక్కేవాళ్ల బ్యాగుకు నడుం పట్టీ ఉంటుంది, బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకల మీద పడుతుంది. మా దగ్గరికి వచ్చే చవక పంపుల్లో నడుం పట్టీ ఉన్నది నాకు అరుదుగానే కనబడింది. బరువంతా రెండు భుజాల మీదే. అదీ రెండంగుళాల వెడల్పు కూడా లేని పట్టీ మీద. పొట్టి మనిషికి ట్యాంకు అడుగు పిరుదులకు కొట్టుకుంటుంది, పొడుగు మనిషికి మూత మెడ ఎముకకు తగులుతుంది. ఒక పక్క ముడి, ఒక పక్క క్లిప్పు ఉంటే ట్యాంకు ఒక వైపుకు ఒరుగుతుంది. మనిషి రెండో వైపుకు వంగి నడుస్తాడు. సీజను చివర్లో షాపుకు వచ్చేవాళ్లలో ఎవరి పంపు ఏ వైపు ఒరుగుతుందో వాళ్ల నడక చూసి నేను చెప్పగలను.

3. ఆపదలో పంపు ఊడదు. పైపు పగిలి మందు ఒంటి మీద చిమ్మినా, ఒడ్డు మీద కాలు జారి పడినా ముందు పంపు వదిలించుకోవాలి. ముడేసిన పట్టీ ఎట్లా ఊడుతుంది?

4. మందు కొట్టేది ఎక్కువగా మగవాళ్లే, నిజమే. కానీ మనిషి దొరకని రోజున, మగదిక్కు లేని ఇంట్లో ఆడవాళ్లే పంపు ఎత్తుకుంటారు. వాళ్ల భుజాల వెడల్పు వేరు, వీపు పొడుగు వేరు. మగవాడి కొలతకు బిగిసిపోయిన పట్టీలు భుజాల మీంచి జారుతుంటాయని ఛాతీ ముందు రెండు పట్టీలనూ కలిపి తువ్వాలతో కట్టుకుంటారు. ఆ తువ్వాలతోనే ముఖం తుడుచుకుంటారు.

5. పంట కూడా నష్టపోతుంది. జారే పట్టీని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో స్ప్రే గన్ను ఊపేవాడికి ఆకు అడుగుకు కొట్టడం కుదరదు. పురుగేమో అక్కడే ఉంటుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి వరంగల్, మహబూబాబాద్, భూపాలపల్లి, ఖమ్మం వైపు మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు ఎవరికి తోచిన మందు వాళ్లు, మాటిమాటికీ కొట్టారు. సరిగ్గా తగలని మందును మళ్లీ కొట్టాలి, మళ్లీ కొనాలి, మళ్లీ మోయాలి. మా వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న గుర్తింపు, వచ్చిందని మేమందరం సంబరపడ్డాం. ఆ తోటలో మందు కొట్టే భుజానికి మాత్రం ఏ గుర్తింపూ రాలేదు.

పక్కనే పెనుగంగ అవతల, మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మనిషెత్తు పెరిగిన పత్తి, ఘాటైన మందులు కలిపి కొట్టడం, సన్నటి తుంపర కొట్టే పంపులు, గాలి, రక్షణ లేకపోవడం అన్నీ కలిశాయి. పట్టీల వల్లే అది జరిగిందని నేననను. కానీ అక్కడి పత్తీ ఆదిలాబాద్ పత్తీ ఒక్కటే, అక్కడి పంపులూ మన పంపులూ ఒక్కటే. ఆ సంఘటన తర్వాత మాస్కుల గురించి, కిట్ల గురించి చాలా సమావేశాలు జరిగాయి. వీపు మీద మోసే యంత్రం మనిషి ఒంటికి ఎట్లా కూర్చుంటోందన్న మాట నేను పోయిన ఏ రైతు శిక్షణలోనూ వినలేదు.

ఇక "తానే సర్దుకునే పట్టీ" అనగానే నవ్వేవాళ్ల కోసం. ఇది నేను కల కని చెప్తున్నది కాదు. కొండలెక్కేవాళ్ల బ్యాగుల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. అమెరికా కంపెనీ గ్రెగరీ కొన్ని బ్యాగులకు భుజం పట్టీల మొదలును, నడుం పట్టీని ఇరుసు మీద తిరిగేలా పెట్టింది. వేసుకున్నవాళ్ల భుజం వాలును బట్టి, తుంటి వాలును బట్టి అవే తిరిగి కూర్చుంటాయి. కెనడాకు చెందిన ఆర్క్‌టెరిక్స్ నడుం పట్టీని మనిషి వంగినా, అడుగేసినా పైకీ కిందకీ జారి పక్కలకు తిరిగేలా చేసింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లారెన్స్ రోమ్ అనే ప్రొఫెసరు ఇంకో దారి పట్టాడు. నడిచేటప్పుడు అడుగడుగుకూ మన నడుము ఐదారు సెంటీమీటర్లు పైకీ కిందకీ కదులుతుంది, వీపు మీది బరువూ దానితోపాటే ఎగిరి పడుతుంది. బరువును చట్రానికి సాగే తాళ్లతో వేలాడదీస్తే ఆ దెబ్బ తగ్గుతుందని ఆయన 2006లో చూపించాడు. అంతకుముందు 2005లో ఆ ఊపుతోనే 7 వాట్ల దాకా కరెంటు కూడా తీశాడు. ఎన్‌ఐటీలో చదివే మా ఊరి అమ్మాయి ఇదంతా ఫోన్లో చూపిస్తూ, "అన్నా, నీ బ్యాటరీ పంపుకు నడకతోనే ఛార్జింగ్ పెట్టొచ్చు" అంది. ఆ ముచ్చట తర్వాత చూద్దాం, ముందు పట్టీ కానివ్వమన్నాను.

మోటార్లు, సెన్సార్లు పెట్టమని మేం అడగడం లేదు. 2016లో నైకీ కంపెనీ, కాలు పెట్టగానే మోటారుతో లేసులు తానే బిగించుకునే బూట్లు 720 డాలర్లకు అమ్మింది. అది షోకు సరుకు. మందు పంపుకు మోటారు పట్టీ పెడితే మొదటి వానకే నా షాపుకు వస్తుంది. నాకు గిరాకీయే గానీ రైతుకు దండగ. ఉన్న బ్యాటరీయే సాయంత్రం దాకా ఆగడం లేదు, దానికి ఇంకో పని చెప్పొద్దు. స్ప్రింగు, ఇరుసు, జారే పలక, ఈ మూడింటితో అయ్యే పని ఇది. కారు సీటు బెల్టును చూడండి. సన్నటి మనిషి కూర్చున్నా, లావాటి మనిషి కూర్చున్నా కావలసినంత వదులుతుంది, మిగిలింది లోపలికి లాక్కుంటుంది, కుదుపు వస్తే లాక్ పడుతుంది. అటువంటి స్ప్రింగు చుట్ట ఒక్కోటి, మందు లోపలికి పోకుండా మూసిన డబ్బాలో, ట్యాంకు అడుగున రెండు వైపులా ఉంటే చాలు. ఎత్తుకునేటప్పుడు చేయి దూరేంత వదులుగా ఉంటుంది, నిలబడగానే బిగుసుకుంటుంది. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ మిగిలే వదులును కూడా అదే మింగేస్తుంది. 22 కిలోలతో మొదలై ఐదారు కిలోలతో ముగిసే బరువు ఇది. కొండలెక్కేవాడి బ్యాగు బరువు అరగంటకోసారి ఇట్లా మారదు. అసలు తానే సర్దుకునే పట్టీ అవసరం వాళ్లకన్నా మాకే ఎక్కువ.

స్ప్రింగు తుప్పు పడుతుంది కదా అని ఇంజినీర్లు అడగొచ్చు, అడగాలి కూడా. తుప్పు పట్టని స్టీలు ఉంది, ప్లాస్టిక్ మూతలున్నాయి. బురద, మందు పొడి చేరి ఇరుసు బిగుసుకుంటుందన్నది అంతకన్నా పెద్ద సమస్య. సాయంత్రం పంపు కడిగేటప్పుడు ఆ భాగం కూడా నీళ్లతో కడగడానికి వీలుండాలి. మందు పట్టి బిగుసుకున్న చుట్టను ముడిలా కోసి పారెయ్యకుండా, రెండు స్క్రూలు విప్పి మార్చుకునేలా ఉండాలి. ఇటువంటివి ఆఫీసులో కూర్చుంటే తట్టవు. మా దగ్గరికి వస్తే చెప్తాం.

డ్రోన్ల సంగతి. డ్రోన్లు వద్దని ఎవరూ అనడం లేదు. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో డ్రోన్లు ఇస్తామని కేంద్రం 2023లో ప్రకటించింది. మంచిదే. కానీ పథకం మొత్తానికి దేశమంతా కలిపి 15,000 డ్రోన్లు. మా ఒక్క మండలంలో వీపు పంపులు లేని ఊరు చూపించండి. అరెకరం మిరప, చుట్టూ కరెంటు తీగలు, చెట్లు, పక్కన ఇంకొకరి కూరగాయల మడి ఉంటే డ్రోన్ ఎగరదు. సాళ్ల మధ్య గడ్డి మందు కొట్టాలన్నా, పురుగు పట్టిన నాలుగు సాళ్లకే కొట్టాలన్నా వీపు పంపే దిక్కు. ఇంకా చాలా ఏళ్లు ఇదే దిక్కు.

ధర పెరుగుతుందని కంపెనీలవారు అంటారు. పెరుగుతుంది. కానీ ఇప్పుడు మాత్రం రైతు కొనకుండా ఉంటున్నాడా? కొత్త పట్టీ, కొత్త క్లిప్పు, అవీ దొరక్కపోతే తాడు, అదీ తెగితే కొత్త పంపే. ట్యాంకు, మోటారు బాగానే ఉండి పట్టీ బిగించే కొక్కెం విరిగిందని మూలన పడేసిన పంపులు మా దగ్గర కుప్పగా ఉన్నాయి. ఆ కొక్కేన్ని ట్యాంకుతో కలిపి ఒకే ప్లాస్టిక్‌గా పోస్తారు. విరిగితే అతుకు పడదు. నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి చేసిన ఆ పనితో మొత్తం పంపు దండగవుతోంది.

మనకు కొలతలు లేవా అంటే, ఉన్నాయి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ దేశంలోని వ్యవసాయ కూలీల, ఆడా మగా ఇద్దరి, 79 రకాల శరీర కొలతలు తీయించి అచ్చువేసింది. పనిముట్లు మన మనుషులకు సరిపోయేలా చేయడానికే ఆ పని చేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కూడా వీపు పంపులకు కనీస ప్రమాణాలు రాసిపెట్టింది. నిండు పంపు 25 కిలోలు దాటకూడదని, పట్టీలు మందు పీల్చని గుడ్డతో ఉండాలని, ఆపదలో వెంటనే ఊడిరావాలని వాటిలో ఉంది. మన పురుగుమందుల నియమాలు 1971 నాటివి. మందు కొట్టేవాళ్లకు రక్షణ దుస్తులు ఉండాలని అవీ చెప్తున్నాయి. కాగితాలకు కొదవ లేదు. పంపు పట్టీ మాత్రం ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి:

1. సబ్సిడీ మీద ఇచ్చే పంపుల టెండరు షరతుల్లో పట్టీల గురించి విడిగా రాయాలి. మందు పీల్చని పట్టీ, భుజం దగ్గర కనీసం ఐదు సెంటీమీటర్ల వెడల్పు, నడుం పట్టీ, ఒక్క చేత్తో ఊడే బకిల్, ట్యాంకు నుంచి విడిగా మార్చుకోగలిగే కొక్కెం. ఇవి వచ్చే వానాకాలం నుంచే పెట్టొచ్చు, దీనికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు.

2. తానే సర్దుకునే పట్టీని తయారుచేసే పని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విభాగానికి అప్పగించాలి. ఎన్‌ఐటీ వరంగల్ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చినా మంచిదే. 2019 నుంచి ఇంటింటా ఇన్నోవేటర్ అని ఊళ్లలోని మెకానిక్కుల పనులను ప్రదర్శనలకు పిలుస్తున్నారు కదా, ఒక ఏడాది ఈ ఒక్క సమస్యనే పోటీగా పెట్టండి. ఎవరు గెలిచినా సరే, ఆ నమూనా ఎవరైనా తయారుచేసుకునేలా అందరికీ ఇవ్వాలి.

3. పరీక్షలు ల్యాబులో ఇసుక బస్తా పెట్టి చేయొద్దు. పత్తి సాళ్లలో, బురదలో, నిండు ట్యాంకుతో, పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, ఆడవాళ్లు, యాభై దాటినవాళ్లు వేసుకుని చూడాలి. రోజంతా కొట్టాక వీపు మీద ఎంత మందు పడిందో చొక్కా కింద తెల్లటి గుడ్డ పెట్టి కొలవాలి. పాత పట్టీతో ఒక రోజు, కొత్త పట్టీతో ఒక రోజు. పరీక్షకు వచ్చిన కూలీలకు కూలి ఇవ్వాలి, మందుకు బదులు రంగు నీళ్లు వాడాలి.

4. ఊళ్లలో ఇప్పటికే ఉన్న పంపులకు బిగించుకునేలా విడి కిట్టు తేవాలి. కొత్త పంపులకే ఇస్తామంటే పేదవాడి దాకా రావడానికి పదేళ్లు పడుతుంది. సొసైటీల్లో, ఎరువుల షాపుల్లో దొరకాలి. ధర కిట్టు మీద అచ్చువేయాలి.

5. కంపెనీలు పంపుతోపాటు పట్టీల, క్లిప్పుల, మూత వాషర్ల స్పేర్లు కనీసం ఐదేళ్లు అమ్మాలి. ఇప్పుడు మోడల్ మారగానే పాత క్లిప్పు దొరకదు.

6. రైతు వేదికల్లో శిక్షణ పెట్టినప్పుడు మందు మోతాదుతోపాటు పంపు ఎట్లా వేసుకోవాలో కూడా చూపించాలి. పది నిమిషాల పని. కొత్త పట్టీలు వచ్చేదాకా కనీసం ముడి వేయొద్దని చెప్పినా కొంత మేలు.

ఈ లేఖ మీద నాతోపాటు కూలీలు, కౌలు రైతులు, ఇద్దరు ఎరువుల షాపులవాళ్లు సంతకాలు పెట్టారు. తెగిన పట్టీలు, విరిగిన కొక్కేలు, ముడి కోసి తీసిన ముక్కలు ఒక బస్తాలో దాచి ఉంచాను. ఇంజినీర్లు ఎవరు వచ్చినా ఇస్తాను. బస్తాను షాపు లోపల పెట్టలేదు, వాసన వస్తుంది కాబట్టి. ఆదివారం తప్ప ఏ రోజైనా రావచ్చు.

మొదటి డిమాండు మీద నిర్ణయం వచ్చే సీజను టెండరు పిలవకముందే కావాలి. తర్వాత చెప్తే ఇంకో ఏడాది పోయినట్టే. మిగతావాటికి ఏది చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఫోన్లో చెప్తే మాత్రం ఒప్పుకోం.

ఇట్లు,
ఒక పంపుల మెకానిక్కు, సంతకాలు చేసిన రైతులు, కూలీలు
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా